పేరు వ్రాయని డైరెక్టరీ: ఎన్.ఎఫ్.ఎస్. గూర్చి యొక పాఠము

గడచిన అర్ధసంవత్సర పరీక్షలకు పది దినములు ముందు, మన పాఠశాల కంప్యూటరు గదిలో పైతరగతి విద్యార్థి యొకడు మమ్మొక ప్రశ్న యడిగెను. ఆ గదిలోని సర్వరునందు ఒకే డిస్కు విభాగమున మూడు డైరెక్టరీలుండెను: పాఠములు, మార్కులు, ప్రశ్నపత్రములు. వీనిలో పాఠములు అను దానిని మాత్రమే నెట్‌వర్కు ద్వారా అందరికిని పంచియుంటిమి. తక్కిన రెంటి పేర్లను పంపకపు పట్టికలో వ్రాయలేదు. "మాస్టరుగారూ, పట్టికలో పేరు లేని డైరెక్టరీని బయటినుండి ఎవరును తెరువలేరు గదా?" అని యాతడడిగెను. "తెరువలేరు" అని మేము తడవు చేయక చెప్పితిమి.

ఆ రాత్రి లినక్సుతో వచ్చు వివరణపుటలను తీరికగా చదువగా మా యుత్తరము తప్పని తేలినది. మరునాడు ప్రార్థనానంతరము ఆ తరగతికి పోయి మా తప్పు నొప్పుకొంటిమి. ఆ తప్పెట్టిదో, దానిని దిద్దుకొనిన విధమెట్టిదో తక్కిన విద్యార్థులకును తలిదండ్రులకును తెలియుట మేలని తలచి యీ పాఠము వ్రాయుచున్నాము.

1. ఎన్.ఎఫ్.ఎస్. అననేమి?

నెట్‌వర్కు ఫైలు సిస్టము అను మాటలకు ఎన్.ఎఫ్.ఎస్. అనునది పొడి యక్షరముల పేరు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున నుండిన సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారు దీనిని 1984లో వెలువరించిరి. ఆ సంస్థ 2010లో ఒరాకిల్ సంస్థయందు కలిసిపోయినను, వారు కల్పించిన యీ పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. ఒక యంత్రమునందలి ఫైళ్లను వేరొక యంత్రము తన సొంత డిస్కులోని ఫైళ్లవలెనే చదువుటకును వ్రాయుటకును వీలు కల్పించుట దీని పని. ఫైళ్లను దాచియుంచు యంత్రము సర్వరు. వానిని వాడుకొను యంత్రము క్లయింటు. రెండవ వెర్షను నియమములు 1989లోను, మూడవదానివి 1995లోను, నాల్గవదానివి 2000లోను ప్రకటింపబడినవి. నాల్గవదానిని 2003లోను 2015లోను మరల సవరించిరి.

లినక్సు సర్వరున ఎట్సీ అను డైరెక్టరీయందు ఎక్స్‌పోర్ట్స్ అను చిన్న ఫైలు కలదు. ఏ డైరెక్టరీని, ఏ క్లయింట్లకు, ఏ షరతులతో పంచవలెనో అందు పంక్తికొకటి చొప్పున వ్రాయుదుము. ఇట్లు పంచుటకే ఎక్స్‌పోర్టు చేయుట యని పేరు. మేము పంపకపు పట్టిక యన్నది దీనినే. ఆ పట్టికలో లేనిది ఎక్స్‌పోర్టు కాని డైరెక్టరీ. దానిని చేర నెవడైన యత్నించినపుడు సర్వరు ఏమి చేయును? ఇదియే మన ప్రశ్న.

2. హ్యాండిలు అను చీటీ

రెండవ, మూడవ వెర్షనులయందు క్లయింటు మొట్టమొదట మౌంటు కోరవలెను; అనగా "ఫలాని డైరెక్టరీని నాకిమ్ము" అని సర్వరును వేడవలెను. సర్వరునందు ఈ పనికై వేరుగా నున్న ప్రోగ్రాము పట్టికను చూచి, ఆ పేరున్నదా, అడిగిన యంత్రమునకు అనుమతి యున్నదా యని విచారించును. ఉన్నయెడల ఫైలు హ్యాండిలు అను నొక గుర్తు నిచ్చును; లేనియెడల కాదని త్రిప్పివేయును. మార్కులు అను డైరెక్టరీని మౌంటు చేయనిమ్మని యడిగిన మా సర్వరు నిశ్చయముగా కాదనియే యుండును. మే మంతవరకే చూచి, అన్నియు భద్రముగా నున్నవని నమ్మితిమి.

అయితే పట్టికను చూచి పేరు విచారించుట ఆ మొదటి వాకిటితో సరి. అటుపిమ్మట క్లయింటు పంపు ప్రతి కోరికయు పేరుతో గాక హ్యాండిలుతో సాగును. ఈ హ్యాండిలు రెండవ వెర్షనులో సరిగా 32 బైట్లు. మూడవదానిలో 64 బైట్లవరకు, నాల్గవదానిలో 128 బైట్లవరకు ఉండవచ్చును. అందేమి వ్రాసియున్నదో క్లయింటునకు అక్కరలేదు. సర్వరునకు తెలిసిన చాలును. సర్వరు సాధారణముగా అందు మూడు సంగతులు వ్రాసికొనును: అది యే ఫైలు సిస్టమునకు చెందినది, అందు ఆ ఫైలు ఐనోడు సంఖ్య యెంత, ఆ సంఖ్య ఎన్నవ మారు వాడుకలోనికి వచ్చినదో తెలుపు తరము సంఖ్య యెంత. ఐనోడనగా ఫైలునకు డిస్కుపై గల వరుస సంఖ్యగల చిట్టా.

మన పుస్తక భాండాగారముతో దీనిని పోల్చి చూడుడు. మొదటి దినమున భాండాగారాధికారి మీ పేరును విచారించి, "మూడవ గది, నలువదియవ అర" అని చీటీ వ్రాసి యిచ్చెననుకొందము. తరువాత మీరు కిటికీకడ నిలిచి చీటీ చూపిన, లోపలి బంట్రోతు ఆ యరలోని పుస్తకము తెచ్చి యిచ్చును. మీ చీటీలో నలువదికి బదులు నలువదియొకటి యని యున్నచో నాతడేమి చేయును? గది అదియే, దాని తాళపుచెవి యాతనికడ నున్నది. ఆ యరయు తెరచి పుస్తకము తెచ్చును. అయిదవ గది యని యున్నచో మాత్రము, "ఆ గది తాళపుచెవి నాకియ్యలేదు" అనును.

3. గోడ యెక్కడ నున్నది?

పై పోలికలో గది యనునది ఫైలు సిస్టము. అర యనునది అందలి ఫైలు. డిస్కును విభాగములుగా చేసినపుడు ప్రతి విభాగమునందును ఒక్కొక్క ఫైలు సిస్టము నెలకొల్పుదుము. హ్యాండిలు వచ్చినపుడు సర్వరు, "ఈ ఫైలు సిస్టములో నేదైన ఈ క్లయింటునకు పంచితినా?" అని సులభముగా చూచుకొనగలదు. కాని "ఈ ఫైలు నేను పంచిన డైరెక్టరీ క్రిందనే యున్నదా?" అని తెలిసికొనుట సులభము గాదు.

ఏల? ఫైలు పేరు ఐనోడునందు లేదు. పేరు డైరెక్టరీలో నుండును; ఆ పేరునకెదుట ఐనోడు సంఖ్య యుండును. కావున పేరునుండి ఫైలునకు దారి యున్నది గాని ఫైలునుండి పేరునకు దారి లేదు. ఒకే ఫైలునకు రెండు డైరెక్టరీలలో రెండు పేర్లుండుటయు కలదు. దీనిని మీరే పరీక్షింపవచ్చును. మీ లినక్సు యంత్రమున ఎల్.ఎన్. అను ఆజ్ఞతో ఒక ఫైలునకు రెండవ పేరు పెట్టి, ఎల్.ఎస్. ఆజ్ఞకు ఐ అను గుర్తు చేర్చి రెండు పేర్లను చూడుడు. రెంటికెదుటను ఒకే సంఖ్య కనబడును. ఆ సంఖ్యను మాత్రము చేతికిచ్చి, ఇది యే డైరెక్టరీలోనిదని యడిగిన సర్వరేమి చెప్పగలదు?

ఇక దుర్బుద్ధిగలవాడు పాఠములు అను డైరెక్టరీ హ్యాండిలును న్యాయముగనే పొంది, అందలి ఐనోడు సంఖ్యను మాత్రము మార్చి పంపెననుకొందము. లినక్సున మిక్కిలి వాడుకలో నున్న ఈ.ఎక్స్.టి.4 అను ఫైలు సిస్టమునందు అన్నిటికిని పైనున్న మూల డైరెక్టరీ ఐనోడు సంఖ్య ఎల్లప్పుడు 2. ఇది రహస్యము గాదు. మూలమును చేరినవానికి దాని క్రిందనున్న మార్కులును ప్రశ్నపత్రములును కనబడకపోవునా? సామాన్యముగా క్లయింటు యంత్రము తనంతట నిట్లు చేయదు. కాని చేయించు ప్రోగ్రాము వ్రాయుట యసాధ్యము గాదు. తరము సంఖ్యవలన ఊహించుట కొంత కష్టమగును. ఇందులకే సన్ సంస్థవారు ఆ సంఖ్యలను క్రమము లేకుండ మార్చుటకు ఎఫ్.ఎస్.ఐరాండ్ అను సాధనమును తమ యంత్రములతో నిచ్చుచుండిరి. అయినను కష్టము వేరు, గోడ వేరు.

4. తనిఖీయు దాని మూల్యమును

"అట్లైన ప్రతి కోరికకును సర్వరు తనిఖీ చేయరాదా?" అని మీరడుగవచ్చును. చేయవచ్చును. సబ్‌ట్రీ చెక్ అను షరతును పట్టికలో వ్రాసిన, సర్వరు ఫైలు హ్యాండిలులో దాని పై డైరెక్టరీ గుర్తును గూడ చేర్చి, కోరిక వచ్చినపుడెల్ల పైకి నడచి చూచును. పంచిన డైరెక్టరీ తగిలిన సరే, తగులనియెడల నిరాకరించును.

కాని దీనికి మూల్యము కలదు. ఒకడు ఫైలును తెరచి చదువుచుండగా మరియొకడు దానిని వేరొక డైరెక్టరీలోనికి మార్చెననుకొనుడు. హ్యాండిలులో వ్రాసిన పై డైరెక్టరీ ఇపుడు సరిపోదు. ఏ పాపము నెరుగని పాఠకునికి "హ్యాండిలు చెల్లదు" అను జవాబు వచ్చి పని నడుమ తెగిపోవును. ఇట్టి చిక్కులు మేలుకంటె నెక్కువయని యెంచి, లినక్సు ఎన్.ఎఫ్.ఎస్. సాధనముల 1.1.0 సంచిక మొదలుకొని, ఎవరును కోరనియెడల ఈ తనిఖీ లేకుండుటయే నియమముగా చేసిరి. మా సర్వరునందును తనిఖీ లేదు. మేము దానిని తీసివేయలేదు. అది యుండవలెనని కోరనే లేదు.

5. 2021వ సంవత్సరపు సంగతి

ఇది పుస్తకములకు పరిమితమైన భయము గాదు. 2021 జనవరిలో లినక్సు కెర్నలునందలి యొక లోపము సి.వి.ఇ.-2021-3178 అను సంఖ్యతో ప్రకటింపబడినది. మూడవ వెర్షనులో రీడ్‌డిర్‌ప్లస్ అను కోరిక యొకటి కలదు. దానితో డైరెక్టరీలోని పేర్లేగాక వాని హ్యాండిళ్లును ఒక్కసారిగా వచ్చును. ప్రతి డైరెక్టరీలోను తన పై డైరెక్టరీని సూచించు రెండు చుక్కల పేరొకటి యుండునని మీరెరుగుదురు. పంచిన డైరెక్టరీలోనే ఈ కోరిక చేసినపుడు, 5.10.8వరకు గల కెర్నళ్లలో, ఆ రెండు చుక్కలకును హ్యాండిలు ఇయ్యబడుచుండెను. అనగా పంచని పై డైరెక్టరీ చీటీని సర్వరే స్వయముగా వ్రాసి యిచ్చుచుండెను. ఊహింప బని లేదు. పిమ్మట దానిని సరిచేసిరి.

ఆ ప్రకటనలోనే మరియొక మాటయు చేర్చబడినది: ఒక ఫైలు సిస్టములోని చిన్న డైరెక్టరీని మాత్రము పంచుట, తక్కిన భాగమును కాపాడుటకై యుద్దేశింపబడినది కాదని కొందరు వాదించిరని. మేము రెండుమూడు మారులు చదివినది ఈ వాక్యమునే. మేము గోడ యనుకొనినది గోడగా కట్టబడినదే కాదు.

6. నడుమనున్న డైరెక్టరీలు

నాల్గవ వెర్షనులో మౌంటు కోరు పద్ధతి వేరుగా లేదు. అంతయు 2049 అను పోర్టు గుండ నడచును. క్లయింటు సర్వరు మూలమునుండి బయలుదేరి ఒక్కొక్క పేరు దాటుచు పంచిన డైరెక్టరీని చేరవలెను. అయితే నడుమనున్న డైరెక్టరీలు పంచినవి కావు గదా? అందువలన సర్వరు ఒక కల్పిత ఫైలు సిస్టమును చూపును. అందు పంచిన చోటికి దారితీయు పేర్లు మాత్రమే యుండును. ప్రక్కనున్న మార్కులు, ప్రశ్నపత్రములు అను పేర్లు కనబడవు. ఏర్పాటు చక్కనిదే. కాని అది పేర్లను మరుగుపరచునే గాని, ఒకే ఫైలు సిస్టములోని ఐనోడులకు నడుమ గోడ కట్టదు. తలుపు దగ్గరకు వేయుట వేరు, గడియ పెట్టుట వేరు.

దీనికి విరుద్ధమైన సంగతి యొకటి చూడుడు. పంచిన డైరెక్టరీ లోపల వేరొక డిస్కు విభాగమును తగిలించియున్నచో, సామాన్యముగా క్లయింటునకు ఆ చోట ఖాళీ డైరెక్టరీ మాత్రమే కనబడును. లోపలి ఫైళ్లు రావలెనన్న దానిని వేరుగ పంచవలెను, లేదా క్రాస్‌మౌంట్ అను షరతు వ్రాయవలెను. కంటి యెదుటనే యున్న చోటు చిక్కలేదు. కంటికి మరుగైన చోటు చిక్కినది. కావున సర్వరు పాటించు నిజమైన సరిహద్దు డైరెక్టరీ కాదు, ఫైలు సిస్టము.

7. ఫైళ్ల అనుమతులు చాలవా?

"ప్రశ్నపత్రములను ఉపాధ్యాయులు తప్ప ఎవరును చదువకుండ అనుమతులు పెట్టితిరి గదా?" అని యొక తోటి యుపాధ్యాయుడు మమ్మడిగిరి. పెట్టితిమి గాని డైరెక్టరీకి మాత్రమే పెట్టితిమి. లోపలి ఫైళ్లను అందరును చదువదగినవిగనే విడిచితిమి. యంత్రముకడ కూర్చున్నవానికి డైరెక్టరీ దాటనిదే ఫైలు చేరదు గనుక అది చాలును. హ్యాండిలుతో వచ్చువాడు వాకిలి త్రొక్కనే త్రొక్కడు. తిన్నగా ఫైలునే యడుగును.

ఫైలునకే అనుమతి పెట్టినను వేరొక చిక్కున్నది. ఎన్.ఎఫ్.ఎస్.లో సామాన్యముగా వాడు పద్ధతిలో "నేను ఫలాని సంఖ్యగల వాడుకరిని" అని క్లయింటు చెప్పినదానినే సర్వరు నమ్మును. సంఖ్య 0 గలవాడు సర్వాధికారి గనుక, వానిని 65534 సంఖ్యగల అనామకునిగా మార్చు రూట్ స్క్వాష్ అను నియమము మొదటినుండియు అమలులో నుండును. తక్కిన సంఖ్యలకు అట్టి నియమము లేదు. తన సొంత ల్యాప్‌టాపున సర్వాధికారియైనవాడు ఉపాధ్యాయుని సంఖ్యను ధరించి రావచ్చును. మాటమాత్రము గాక రుజువు కావలెనన్న కెర్బరాస్ అను పద్ధతి యవసరము.

8. మేము చేసిన పని

మా పట్టికలో క్లయింట్ల పేర్లకు బదులు పాఠశాల నెట్‌వర్కంతయు వ్రాసియుంటిమి. విద్యార్థులు తెచ్చుకొను ల్యాప్‌టాపులును ఆ నెట్‌వర్కుననే యుండును. ఎవరైన ప్రశ్నపత్రములను చూచిరని మేమనుట లేదు. అట్టి జాడ యేదియు కానరాలేదు. కాని ఎవరు ఏ ఫైలు చదివిరో సర్వరు దానంతటది వ్రాసియుంచదు గావున, జాడ లేకుండుట రుజువు గాదు. అందుచేత పరీక్షలకు ముందు ప్రశ్నపత్రములన్నియు మరల వ్రాయవలసివచ్చెను. తోటి యుపాధ్యాయులకు రెండు రాత్రులు నిద్ర లేకపోయెను. ఆ భారము మా యజాగ్రత్తవలన వారిపై పడినది. వారికీ పుటలయందు గూడ క్షమాపణ చెప్పుకొనుచున్నాము.

పిమ్మట చేసిన మార్పులివి. పాఠములకై వేరొక డిస్కు విభాగము చేసి, దాని మూలమునే పంచితిమి; ఆ గదిలో నిప్పుడు దాచవలసినదేదియు లేదు. మార్కులను, ప్రశ్నపత్రములను ఆ సర్వరునుండియే తొలగించితిమి. పాఠములను చదువుటకు మాత్రమే వీలుగా, కంప్యూటరు గది యంత్రముల చిరునామాలకు మాత్రమే పంచితిమి. రూట్ స్క్వాషును అట్లే యుంచితిమి. కొందరు బైండ్ మౌంటు అను ఉపాయముచే ఒక డైరెక్టరీని వేరొక చోట తగిలించి, అది వేరైనదని నమ్ముదురు. చోటు మారినను ఫైలు సిస్టము మారదు గనుక మేము దానిని వాడలేదు.

ప్రశ్న యడిగిన విద్యార్థి ఈ పనిలో మాకు తోడుండెను. పని ముగిసిన పిమ్మట, "మాస్టరుగారూ, ఇప్పుడు తెరువలేరు గదా?" అని మరల యడిగెను. ఈ మారు మేము వెంటనే ఉత్తర మియ్యలేదు. సర్వరుకడ కూర్చుండి, ఏ విభాగమున నేమున్నదో ఒక్కొక్కటిగా నాతనిచేతనే చదివించి, పిమ్మటనే చెప్పితిమి.

అభ్యాసము

1. మౌంటు కోరినపుడు జరుగు విచారణకును, హ్యాండిలు చూపినపుడు జరుగు విచారణకును గల భేదమెయ్యది?

2. ఐనోడు సంఖ్యనుబట్టి ఫైలున్న డైరెక్టరీని సర్వరు ఏల చెప్పలేదు?

3. మీ యింట ఒకే యంత్రమున మీ పాఠములును, మీ తండ్రిగారి లెక్కలును ఉన్నవి. పాఠములను మాత్రము చెల్లెలి యంత్రమునకు పంచవలెనన్న ఏమేమి చేయుదురు? కారణములతో వ్రాయుడు.